ఆగినంతసేపు

సిద్దిపేట,
జూలై 4

బేటీ ఉమైమాకు అబ్బా వేల దువాలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గడపలో నిలబడే చదివాను, కూర్చునేంత ఓపిక లేకపోయింది. నా పాటను మళ్ళీ కడతానని రాశావు. మీ గురుకులం పిల్లల చేత వాయింపిస్తానని, అదీ ఒక్క తీరుగా కాదు మూడు తీర్లుగా అని రాశావు. వంటింట్లోకి పోయి మీ అమ్మీకి పైకి చదివి వినిపించాను. "రొట్టె మాడుతుంది, జరుగు" అన్నది. తర్వాత చూస్తే కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నది. పొగ అన్నది. గ్యాసు పొయ్యికి పొగ ఎక్కడిది బేటీ.

నలభై ఏళ్లు పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించాను. అన్నీ ఎవరెవరివో పాటలు. నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు వాయించే ఈ పాటకు నేను పేరు కూడా పెట్టలేదు. నడుమ ఒకచోట ఆగుతుంది కాబట్టి, హుస్నాబాద్ నుంచి నారాయణరావుపేట దాకా జనమే "ఆగే పాట" అని పెట్టుకున్నారు. కాగితం మీద లేదు. నేను ఏడో తరగతి దాకా చదివిన మనిషిని. అక్షరాలైతే వచ్చు గాని స్వరాలు రాయడం నాకేం తెలుసు. నా వేళ్ళకు తెలుసు, తర్వాత నీ వేళ్ళకు తెలుసు. అది ఇప్పుడు పిల్లల వేళ్ళకు పోతుందంటే నాకు కాలు ఒక్కచోట నిలవడం లేదు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఫోన్‌లో ఏదో గరగర వస్తున్నది, సగం మాటలే అందుతున్నాయి. మిగిలిన సగానికి నేనే సొంతంగా జవాబులు చెప్పుకుంటున్నాను. మొన్న నువ్వు "బాగున్నారా" అని అడిగితే నేను "పెసర్లు ఇంకా తేలేదు" అన్నానట. తల్లీబిడ్డలిద్దరూ నవ్వుకున్నారు కదా. అందుకని ఉత్తరమే మేలు. ఉత్తరంలో గరగర ఉండదు.

ఏ తీరు ముందు మొదలుపెడుతున్నావో వెంటనే రాయి. వెంటనే అంటే వెంటనే.

నీ అబ్బా
అహ్మద్


ఆసిఫాబాద్,
జూలై 19

అబ్బాకు సలాం.

వెంటనే రాయమన్నారు గాని పరీక్షల పేపర్లు దిద్దేసరికి ఇంత ఆలస్యమైంది. ఈలోగా మీవి ఇంకో రెండు కార్డులు వచ్చాయి. మొదటి కార్డులో నెమ్మదిగా వాయించమన్నారు, రెండో కార్డులో మొదటిది చించెయ్యమన్నారు. రెండూ దాచాను.

మూడు తీర్లు ఇవీ. మొదటిది మా బడి బ్యాండుకు. బ్యూగిళ్లు, చిన్న డ్రమ్ములు, కవాతు నడక. రెండోది లిడియా టీచర్‌ది. ఆమె చర్చిలో పాటలు నడిపిస్తుంది. ఏ వాద్యం లేకుండా పిల్లల్ని నాలుగు గుంపులు చేసి, మాటల్లేని ఒట్టి గొంతులతో మీ పాట పాడిస్తున్నది. మూడోది హార్మోనియం, తబలా పెట్టుకుని నేను క్లారినెట్ మీద నిదానంగా వాయించేది. మహఫిల్‌లో నలుగురూ కూర్చుని వింటున్నట్టు ఉంటుంది.

ఒక సందేహం. ఆడపిల్లలు బ్యాండు వెంట పోవద్దని అమ్మీ తలుపుకు గొళ్ళెం పెట్టేది కదా, అందుకని వీధిలో మీ పాట నేనెప్పుడూ వినలేదు. సాయంత్రం మంచం మీద కూర్చుని మీరు వాయిస్తే పక్కన కూర్చుని నేర్చుకున్నదే. నడుమ మీరు ఆగితే నేను మనసులో ఎనిమిది లెక్కపెట్టేదాన్ని. మీరు మళ్ళీ ఎత్తుకునేవారు. పిల్లలకూ అట్లాగే ఎనిమిది నేర్పాను. సరేనా?

మీ ఉమైమా


సిద్దిపేట,
జూలై 27

బేటీకి దువాలు, లిడియా టీచరమ్మకు నమస్కారాలు.

వాద్యాలు లేకుండా నాలుగు గుంపుల గొంతులా. నేను కలలో కూడా అనుకోలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాయ్ హోటల్‌కు పోయాను. మా బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టిన రాజమల్లయ్య ఉన్నాడు కదా, వాడు అక్కడే ఉంటే చదివి వినిపించాను.

"ఏం ఉస్తాద్, బిడ్డ నీ పాటను చర్చికి గూడ తోల్కపోయిందట?"

"పోనియ్ తియ్, గాడ గూడ పెండ్లిళ్లు అయితయి గద."

"పోనిస్త గని, డ్రమ్ము లేకుంటే అది పాటెట్లయితది? నీ బిడ్డ నన్ను మర్చిపోయింది."

వాడి బాధ వాడిది. నా బాధ ఇంకొకటి. కవాతు తీరు వేగంగా వద్దని రాద్దామని కూర్చున్నాను, పెళ్లికూతురు పరుగెత్తుతుందా అని. తర్వాత ఇంట్లోనే గోడ నుంచి గోడకు నడిచి చూశాను, పిల్లలకు వేగమే బాగుంటుందనిపించింది. తెల్లారి మళ్ళీ మారింది. మీ అమ్మీ నన్ను చూసి, పెళ్లికి తయారైనోనికి కూడా ఇన్ని తిప్పలు ఉండవన్నది. ఒకచోట కూర్చుంటే వేళ్ళు మోకాళ్ల మీద పాట వాయిస్తున్నాయి. అన్నం కలుపుతూ కూడా వాయిస్తున్నాయి.

ఆ ఎనిమిది లెక్క సంగతి తర్వాత రాస్తాను. అది ఉత్తరంలో రాసేంత చిన్నది కాదు.

నీ అబ్బా


ఆసిఫాబాద్,
సెప్టెంబరు 8

అబ్బాకు సలాం.

ఎట్లా రాయాలో తెలియక ఇన్ని రోజులు ఆగాను. మా బడి వార్షికోత్సవంలో కవాతు తీరు వాయించాం. పిల్లలు ఎంత బాగా మొదలుపెట్టారో. ఆగేచోట ఆగారు. జనం పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. కొందరు లేచి నిలబడ్డారు. ఆ మోతలో పిల్లలకు లెక్క తప్పింది. సగం మంది ఎత్తుకున్నారు, సగం మంది సలాం చేసి దిగిపోయారు. ముందు వరుసలో బ్యూగిల్ ఊదే పిల్ల వేదిక వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తప్పు తనది కాదని ఎంత చెప్పినా వినలేదు.

అందుకని ఆ ఆగడం తీసేశాను. అక్కడ డ్రమ్ము పెట్టాను, చిన్నగా మొదలై పెరిగేటట్టు. ఇప్పుడు అతుకు కనపడదు. రికార్డింగు అమ్మీ ఫోన్‌కు పంపాను.

డిసెంబరులో సిద్దిపేటలోనే గురుకులాల పిల్లల సంగీత సభ ఉంది. మా బడిని పిలిచారు. మూడు తీర్లకు సమయం లేదు, ఒక్కటే వాయించాలి. మీ ఊళ్ళో, మీ ముందు. ఏది వాయించమంటారు?

మీ ఉమైమా


సిద్దిపేట,
సెప్టెంబరు 15

బేటీకి,

దువాలు రాయడం మరిచాను, ఇక్కడ రాస్తున్నాను, తీసుకో.

సిద్దిపేటలో సభ అని చదివి ముందు ఎగిరి గంతేశాను. ఆ తర్వాత రికార్డింగు పెట్టుకున్నాను. ఆగేచోట డ్రమ్ము మోగింది. ఇయర్‌ఫోన్ తీసి మంచం మీద పెట్టి, కోమటి చెరువు కట్ట దాకా పోయి వచ్చాను. మళ్ళీ విన్నాను. మళ్ళీ పోయాను. "చెప్పులన్న అరగనియ్యకు" అన్నది మీ అమ్మీ.

నీ మీద కోపం లేదు. వీధిలో నడిచినవాళ్లకు చెప్పే పని లేకపోయింది కాబట్టి దీన్ని చెప్పడం నాకు అలవాటే కాలేదు. ఇప్పుడు చెప్తాను.

మా బ్యాండువాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఊరేగింపు పోయే దారిలో ఎవరి ఇంట్లోనైనా చావు జరిగి ఉంటే ఆ ఇంటి ముందు వాయించం. ముందున్నవాడు ఎడమచెయ్యి ఎత్తుతాడు. డ్రమ్ములవాళ్లు కర్రలు కిందికి దించుతారు. వెనక వచ్చే పెళ్లివాళ్లలో ఆఖరి మనిషి ఆ గడప దాటేదాకా ఒట్టిగా నడుస్తాం.

ఈ పాట మొదటిసారి బాలమణి పెళ్లిలో వాయించాను. అప్పుడు నా మీసాలు నల్లవి. సాగనంపు వాళ్ల గల్లీ చివరికి వచ్చింది. చివరి ఇల్లు బుచ్చవ్వది. ఆ పొద్దునే ఆమె పెనిమిటి పోయాడు. నేను చెయ్యి ఎత్తాను. బ్యాండు ఆగేసరికి అడుగుల చప్పుడు వినిపించింది బేటీ. చెప్పులు, గాజులు, ఎవరిదో దగ్గు. అంతమంది నా వెనక నడుస్తున్నారని అప్పటిదాకా నాకే తెలియదు. బుచ్చవ్వ గడపలోకి వచ్చింది. అంత దుఃఖంలో ఉండి, "పో బిడ్డా బాలమణీ, సల్లగుండు. మా గురించి మనసుల వెట్టుకోకు" అన్నది. గల్లీ అంతా విన్నది. అప్పుడు బాలమణి తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని రెండు మాటలు చెప్పింది. పొద్దుటినుంచి చెప్పాలని చూస్తున్నదట, మా మోతలో కుదరలేదు. ఆఖరి మనిషి దాటాక, విడిచినచోటనే పాట ఎత్తుకున్నాం.

తర్వాతి పెళ్లిలో ఏ ఇంట్లోనూ చావు లేదు. అయినా పెళ్లికూతురి తల్లి వచ్చి, "బాలమణి పెండ్లిల ఆపినట్టు జర ఆపుండ్రి, నా బిడ్డకు ఒక మాట చెప్పుకుంట" అన్నది. ఆ పెళ్లి నుంచి ప్రతి పెళ్లిలో పుట్టింటి గల్లీ చివర ఆగేవాళ్లం.

అది నా పాటలో పడ్డ రంధ్రం కాదు. తల్లికి విడిచిన జాగ. అందులో డ్రమ్ము కొడితే ఆమె నోటికి మన చెయ్యి అడ్డం పెట్టినట్టు. తీసెయ్యి బేటీ.

నీ అబ్బా


ఆసిఫాబాద్,
సెప్టెంబరు 26

అబ్బాకు సలాం.

మీ ఉత్తరం చదివి నాకు ముందు ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. మంచం మీద కూర్చుని ఎనిమిదికే ఎందుకు ఎత్తుకునేవారు? అదే పాట అనుకుని పెరిగాను. ఇన్నేళ్ల తర్వాత అది పాట కాదని, వీధిలో ఉన్నదే పాటని రాస్తున్నారు. ఆ వీధిలోకి నన్ను ఎవరు రానిచ్చారు?

నా రుఖ్సతీ, నన్ను అత్తగారింటికి సాగనంపిన రోజు, గుర్తుందా? పెళ్లికూతురి తండ్రి కాబట్టి మీరు క్లారినెట్ ముట్టుకోలేదు. కుకునూరుపల్లి నుంచి వేరే బ్యాండు వచ్చింది. నన్ను కారు ఎక్కించారు. అద్దం మూసి ఉంది. అమ్మీ బయట నిలబడి ఏదో అంటున్నది, పెదవులు కదులుతున్నాయి. ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా "ఏం లేదు" అంటుంది. ఆ రోజు మీ పాట ఎవరూ వాయించలేదు, ఎవరూ ఆగలేదు. మరి ఆగడం నాకెట్లా తెలుస్తుంది?

డ్రమ్ము తీసేశాను. కొత్త రికార్డింగు పంపుతున్నాను. కాని వేదిక మీద పిల్లలు వరుసగా నిలబడి ఉంటారు. వెనక నడిచేవాళ్లు లేరు, దాటడానికి గడప లేదు. మా ప్రిన్సిపల్ కర్ణాకర్ సార్ రోజూ అదే మాట: "మేడం, ఆగితే మల్ల చప్పట్లు కొడ్తరు. మీ నాయిన మీద ప్రేమ ఉంటె మంచిదే గని, పిల్లలను ఇంకోసారి ఏడిపిస్తమా?"

నాకు ఒక లెక్క కావాలి అబ్బా. ఎంతసేపు ఆగాలో చెప్పండి. పదహారా, ఇరవయ్యా, ఎంతైనా సరే, నేర్పుతాను.

మీ ఉమైమా


సిద్దిపేట,
అక్టోబరు 12

బేటీకి దువాలు.

లెక్క కోసం నేనూ రాజమల్లయ్యా బాలమణి వాళ్ల గల్లీకి పోయాం. బుచ్చవ్వ ఇల్లు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దుకాణం ముందు నేను నడవడం, వాడు లెక్కపెట్టడం అనుకున్నాం.

"ముసలోని లెక్క నడుస్తున్నవేంది? పెండ్లిపిల్ల లెక్క నడువు" అన్నాడు.

తల వంచుకుని పెళ్లిపిల్లలాగా నడిచాను. దుకాణం పిల్లగాడు అర్ఫాత్ బయటికి వచ్చి, "చాచా, ఏమన్న పడిపోయిందా, ఎతుకాలా?" అని అడిగాడు. రాజమల్లయ్య నవ్వి నవ్వి లెక్క మరిచాడు. మళ్ళీ నడిచాను, ఇంకో లెక్క వచ్చింది. వాడు నడిచాడు, ఇంకొకటి. ఆఖరికి ఇద్దరం దుకాణం మెట్ల మీద కూర్చున్నాం.

"ఉస్తాద్, మనం ఎన్నడన్న లెక్కవెట్టినమా?" అన్నాడు. "నువ్వు ఎనుకకు సూస్తుంటివి, నేను నిన్ను సూస్తుంటి. గంతే గద."

అదీ సంగతి. చెప్పాల్సిన మాట పొడుగైతే ఆగడం కూడా పొడుగయ్యేది. నా దగ్గర లెక్క లేదు బేటీ. మంచం మీద ఎనిమిదికే ఎందుకు ఎత్తుకున్నానంటే, అక్కడ నా ముందు నువ్వొక్కదానివే ఉన్నావు. నువ్వు ఎక్కడికీ పోవడం లేదు. ఎవరి కోసం ఆగాలి?

ఇంకొకటి దాచాను. ఫోన్‌లో గరగర ఏమీ లేదు. నా కుడిచెవి పోయింది. అన్నేళ్లు దాని పక్కన రాజమల్లయ్య డ్రమ్ము మోగింది కదా. ఎడమది కూడా అప్పుడప్పుడు పోయి వస్తున్నది. దవాఖానలో మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే గిన్నె కింద పడితే తుపాకీ పేలినట్టు, పాట పెడితే రేకుల మీద వాన పడ్డట్టు వినిపిస్తుంది. తీసి పెట్టెలో పెట్టాను.

నీ కొత్త రికార్డింగు విన్నాను. నేను అడిగినట్టే ఆపావు. కాని అది ఆగినప్పుడు, పాట ఆగిందో నా చెవి ఆగిందో నాకు తెలియలేదు. ఫోన్ దులిపాను, చెవి దులిపాను. మళ్ళీ మొదలయ్యేదాకా దులుపుతూనే ఉన్నాను. రేపు సభలో అందరి నడుమ అట్లా అయితే నేను తట్టుకోలేను. కాబట్టి డ్రమ్మే పెట్టు. వద్దన్నది నేనే, పెట్టమంటున్నదీ నేనే. డ్రమ్ము మోగితే కనీసం నా చెవి ఉందని తెలుస్తుంది. రాజమల్లయ్య కూడా సంతోషిస్తాడు.

పాట నీది బేటీ. నాకు ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా వినపడితే చాలు.

నీ అబ్బా


ఆసిఫాబాద్,
నవంబరు 20

అబ్బాకు సలాం.

చెవి సంగతి అమ్మీ రంజాన్‌లోనే చెప్పింది. మీరు గరగర అంటే నేనూ గరగరే అనుకున్నట్టు ఉన్నాను.

డ్రమ్ము పెట్టడం లేదు. మూడు తీర్లలో ఒకటి ఎంచుకోవడం కూడా లేదు. ఇంతకంటే ఏమీ అడగకండి, కార్డులు కూడా రాయకండి. అమ్మీకి విడిగా ఫోన్ చేసి ఒక మాట చెప్పాను. ఆమె మీకు చెప్పదు, బతిమాలి లాభం లేదు.

ముందు వరుసలో కూర్చోండి. బ్యాండు కోటు ఇస్త్రీ చేయించి వేసుకోండి. ఆగినచోట భయపడకండి, కళ్ళు మూసుకోకండి. అదొక్కటే నేను అడిగేది.

మీ ఉమైమా


సిద్దిపేట,
డిసెంబరు 18

బేటీ ఉమైమాకు అబ్బా వేలవేల దువాలు.

నిన్న పొద్దున పిల్లల్ని తీసుకుని బస్సెక్కి పోయావు. నీకు చెయ్యి ఊపి ఇంటికి వచ్చి, కాగితం పట్టుకుంటే ఏమీ రాయలేకపోయాను. ఈ రోజు రాస్తున్నాను. సభలో నేనూ ఉన్నాను, నాకు తెలియనిది ఏముంది అనకు. నువ్వు వేదిక మీద ఉన్నావు. నా కుర్చీలో ఏం జరిగిందో నీకు తెలియదు.

కోటు బటన్లు పట్టలేదు, అయినా వేసుకున్నాను. కవాతు తీరు మొదలైంది. ఎడమచెవి వేదిక వైపు తిప్పి కూర్చున్నాను. బ్యూగిళ్లు వినపడ్డాయి, చిన్న డ్రమ్ములు వినపడ్డాయి. నా పక్కన మీ అమ్మీ, ఆ పక్కన రాజమల్లయ్య. ముందు వరుసలో ఆ చిన్న పిల్ల, ఆ రోజు ఏడ్చిందని రాశావే, ఆ పిల్లే ఎడమచెయ్యి ఎత్తింది. నేను ఎత్తినట్టే ఎత్తింది. డ్రమ్ముల పిల్లలు కర్రలు కిందికి దించారు.

ఏమీ లేదు. పోయింది, చెవి ఇప్పుడే పోయింది అనుకున్నాను. కుర్చీ పట్టుకుని కళ్ళు మూసుకోబోతుంటే నీ మాట గుర్తొచ్చి తెరిచాను.

నువ్వు వస్తున్నావు. ఎర్ర దుపట్టా తల మీద, క్లారినెట్ గుండెకు ఆనించుకుని, వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తున్నావు. పిల్లలందరి కళ్ళూ నీ కాళ్ల మీద. ఎవరూ లెక్కపెట్టడం లేదు. హాలులో ఒక్క చప్పట పడలేదు బేటీ, పెళ్లికూతురు నడుస్తుంటే ఎవరు కొడతారు. నువ్వు నడుస్తున్నావు కాబట్టి పాట ఆగింది, నా చెవి ఆగలేదు. అది నాకు నీ కాళ్ళు చెప్పాయి. నా చేతులు అప్పుడు కుర్చీని విడిచాయి.

నువ్వు మా ముందుకు వచ్చి నిలబడ్డావు. మీ అమ్మీ లేచింది. నలుగురిలో గొంతెత్తి ఎరగని మనిషి, షమ్షున్నీసా, అంత పెద్ద హాలులో లేచి నిలబడి నీతో ఏదో అన్నది. చిన్న మాటేమీ కాదు. అంటూనే ఉన్నది. పెదవులు కదులుతున్నాయి, నువ్వు తల ఊపుతున్నావు. తర్వాత దుపట్టాతో మొహం తుడుచుకుని మళ్ళీ నడిచావు. నువ్వు ఆ చివర దాటాక లిడియా టీచరమ్మ పిల్లల గొంతులు లేచాయి. వాటి మీద నీ క్లారినెట్, మహఫిల్ తీరుగా, నిదానంగా. అన్నిటికంటే చివర డ్రమ్ములు. మూడు తీర్లూ ఒక్క పాటయ్యాయి. రాజమల్లయ్య నా చెవిలో అరిచాడు, "డ్రమ్ము ఆఖరికి పెట్టింది, గప్పటిదాక నా పానం కొట్టుకున్నది" అని. చివరి దాకా విన్నాను బేటీ. ఎడమచెవి నన్ను విడిచిపెట్టి పోలేదు.

ఇంక ఒక్కటే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మీ అమ్మీ నీకు ఏం చెప్పింది? రాజమల్లయ్యను అడిగితే, ఏడుస్తున్నాను, వినలేదన్నాడు. ఆమెనే అడిగితే, "నీకు చెప్పింది గాదు గద" అని రొట్టెల పిండి కలపడానికి పోయింది. ఊరంతా విన్నది, పక్కన కూర్చున్న నేనొక్కణ్నే వినలేదు.

నాకు రాయి. రాయొద్దని ఆమె చెప్పి ఉంటే రాయకు. మిగతా సంగతులన్నీ రాసి, ఆ చోట కొంచెం జాగ ఒట్టిగా విడిచిపెట్టి పంపు. నేను అక్కడ ఆగి చదువుకుంటాను.

ఎంత జాగ అని మాత్రం నన్ను అడగకు.

నీ అబ్బా
అహ్మద్